ఎదుటి మనిషి చెప్పేది వినడమే వృత్తిగా చేసుకున్న కార్ల్ రోజర్స్

ఈసారి మన భాషవాడూ మన దేశంవాడూ కాని ఒక మనిషి జీవితం రాస్తున్నాను. కారణం ఉంది. మన పిల్లల్లో సైకాలజీ చదువుతున్నవాళ్లు ఉన్నారు, కౌన్సెలింగ్‌కు వెళుతున్నవాళ్లూ ఉన్నారు. సంఘం ఆఫీసులో కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: మందూ మాత్రా ఇవ్వకుండా ఊరికే కూర్చుని మాట్లాడితే ఏమొస్తుంది, దానికి ఫీజు కూడానా అని. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పేకంటే కార్ల్ రోజర్స్ జీవితం చెబితే మేలు.

ముందు ఒక చిన్న తేడా. మనం అందరినీ కలిపి మనసు డాక్టరు అనేస్తాం. సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివి, మందు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. రోజర్స్ ఈ రెండో కోవకు చెందినవారు. ఆ కోవవాళ్లకు అమెరికాలో గౌరవం దక్కడానికి గట్టిగా పోరాడినవాళ్లలో ఒకరు.

ఆయన 1902 జనవరి 8న చికాగో నగరాన్ని ఆనుకుని ఉన్న ఓక్ పార్క్‌లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో నాలుగోవారు. తండ్రి వాల్టర్ సివిల్ ఇంజనీరు, నిర్మాణ పనుల్లో బాగా సంపాదించారు. తల్లి జూలియా దైవభక్తురాలు. ప్రేమ ఉన్న ఇల్లే గాని కట్టుబాట్లు ఎక్కువ. పేకాట లేదు, నాటకాలు లేవు, నృత్యం లేదు, మద్యం మాటే లేదు. మొదటిసారి సోడా తాగినప్పుడు కూడా ఏదో తప్పు చేసినట్టు అనిపించిందని ఆయన పెద్దయ్యాక రాసుకున్నారు. మన పాత ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఆయనకు పన్నెండేళ్ల వయసులో కుటుంబం ఊరికి దూరంగా ఒక వ్యవసాయ క్షేత్రానికి మారిపోయింది. పట్నం చెడ్డ ప్రభావాలు పిల్లలకు సోకకూడదని తల్లిదండ్రుల ఉద్దేశం. అక్కడ ఆ పిల్లవాడికి రెండు వ్యసనాలు పట్టుకున్నాయి. ఒకటి, రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల చిమ్మటల్ని గూళ్ల దశ నుంచి పెంచడం. రెండు, పశువుల మేత గురించి మారిసన్ అనే ఆయన రాసిన లావుపాటి పుస్తకం చదవడం. ఏ మేతకు పాలు పెరిగాయో తేల్చాలంటే రెండు మందల్ని పక్కపక్కన పెట్టి పోల్చాలన్న సంగతి ఆయనకు ఆ పుస్తకంలోనే తెలిసింది. తర్వాత ముప్పై ఏళ్లకు మనుషుల బాధ తగ్గిందా లేదా అని తేల్చడానికి ఆయన వాడింది కూడా ఇదే పద్ధతి.

1919లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదవడానికి చేరారు. మతబోధకుడు కావాలన్న కోరిక పుట్టి చరిత్రకు మారారు. 1922లో చైనాలోని పెకింగ్ నగరంలో క్రైస్తవ విద్యార్థుల ప్రపంచ సభ జరిగితే అమెరికా నుంచి ఎంపికైన కొద్దిమందిలో ఈయనా ఉన్నారు. ఆ ప్రయాణం ఆరు నెలలకు పైగా సాగింది. ఓడలో రకరకాల మనుషులు, రకరకాల నమ్మకాలు. తన ఆలోచనలు మారుతున్న సంగతి దాచకుండా ఇంటికి ఉత్తరాలు రాశారు. ఆ రోజుల్లో ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టేది. తల్లిదండ్రుల కోపం కాగితం మీద చేరేలోపు కొడుకు సొంత ఆలోచనలో స్థిరపడిపోయాడు. టపా ఆలస్యం వల్ల లాభపడినవాళ్లు చాలా తక్కువమంది, ఆయన అందులో ఒకరు.

1924లో డిగ్రీ అయింది. చదువు పూర్తికాకుండా పెళ్లేమిటని ఇంట్లో వద్దన్నా, చిన్ననాటి నుంచి తెలిసిన హెలెన్ ఇలియట్‌ను ఆ ఏడాదే పెళ్లాడి న్యూయార్క్‌లో యూనియన్ థియొలాజికల్ సెమినరీలో చేరారు. అక్కడ కొందరు విద్యార్థులు పంతులు లేకుండా, తమ ప్రశ్నలే పాఠంగా ఒక క్లాసు పెట్టుకుంటామని అడిగి అనుమతి తెచ్చుకున్నారు. ఆ క్లాసులో కూర్చున్నవాళ్లలో చాలామంది తమ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ మతబోధ దారి నుంచే బయటికి వచ్చేశారు. రోజర్స్ కూడా అంతే. వీధి దాటితే కొలంబియా విశ్వవిద్యాలయంవారి టీచర్స్ కాలేజీ. అక్కడ సైకాలజీలో చేరి 1931లో పీహెచ్‌డీ పొందారు.

అప్పటికే ఉద్యోగంలో ఉన్నారు. 1928లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ పట్నంలో, పిల్లలపై క్రూరత్వాన్ని నివారించే సంఘంలో ఏడాదికి 2,900 డాలర్ల జీతం మీద చేరారు. అప్పటికి ఇద్దరు పిల్లలు. అది పేరున్న కొలువు కాదు, పైకి వెళ్లే దారి అసలే కాదని తెలిసినవాళ్లు చెప్పారట. అక్కడే పన్నెండేళ్లు ఉండిపోయారు. కోర్టులూ సంస్థలూ పంపే దొంగతనాల పిల్లలు, ఇల్లు వదిలి పారిపోయిన పిల్లలు, తల్లిదండ్రులు వద్దనుకున్న పిల్లలు రోజంతా వస్తూనే ఉండేవారు. నా దృష్టిలో రోజర్స్ తయారైంది ఏ విశ్వవిద్యాలయంలోనూ కాదు, ఈ ఆఫీసులోనే.

మొదట్లో ఆయన కూడా అందరిలాగే చేశారు. విషయం సేకరించడం, కారణం కనిపెట్టడం, ఆ కారణాన్ని ఎదుటివాళ్లకు నచ్చజెప్పడం. ఒక తల్లితో సాధించిన సంభాషణ అంటూ ఒకరు ప్రచురించిన రాతప్రతి ఆయనకు ఒకప్పుడు ఎంతో నచ్చి సిబ్బందికి కూడా చదివి వినిపించారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ తీసి చదివితే, వకీలు బోనులో ఉన్నవాడిని అడ్డు ప్రశ్నలు వేసి తప్పు ఒప్పించినట్టు కనబడి ఒళ్లు జలదరించిందట.

అసలు మలుపు ఇంకొక తల్లి వల్ల వచ్చింది. ఆమె కొడుకు ఆగడాలు భరించలేనంతగా ఉన్నాయి. ఆమె బిడ్డను మొదటినుంచీ మనసులో దూరం పెట్టిందనీ, చిక్కు అక్కడే ఉందనీ రోజర్స్‌కు స్పష్టంగా కనిపిస్తోంది. వారం తర్వాత వారం మెల్లగా, మర్యాదగా ఆ సంగతి ఆమెకు తెలియజేయాలని చూశారు. ఆమె చదువుకున్న మనిషే, చెప్పింది వింటుంది, కాని ఎక్కడి గొంగడి అక్కడే. చివరికి ఇద్దరం ప్రయత్నించాం, ఫలితం రాలేదు, ఇక ఆపుదామని ఆయనే అన్నారు. ఆమె సరేనంది. చేతులు కలిపి తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లను కూడా చూస్తారా అని అడిగింది. చూస్తామనగానే మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుని తన కాపురం కథ మొదలుపెట్టింది. భర్తతో ఉన్న చిక్కులు, తన ఓటమి, తన గందరగోళం అన్నీ బయటికి వచ్చాయి. ఇంతకుముందు ఆయన ఫైల్లో రాసుకున్న కేసు వివరాలకూ ఈ కథకూ పోలికే లేదు. ఈసారి ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు గనుక ఎక్కువగా విన్నారు. ఆ తర్వాత కాపురమూ కుదుటపడింది, పిల్లవాడూ దారికి వచ్చాడు.

ఎక్కడ నొప్పి ఉందో, ఏ దారిన పోవాలో, ఏది లోపల దాచి ఉందో ఆ మనిషికే తెలుసునని రోజర్స్ ఈ తల్లి దగ్గర నేర్చుకున్నారు. తన తెలివి చూపించుకోవాలన్న కోరిక లేకపోతే, దారి చూపే పనిని ఆ మనిషికే వదిలేయడం మంచిదని ఆయనకు అనిపించింది. 1936లో ఫ్రాయిడ్ శిష్యవర్గం నుంచి విడిపోయిన ఒట్టో రాంక్‌ను రాచెస్టర్‌కు పిలిపించి రెండు మూడు రోజులు విన్నారు. ఆయన మాటల్లోనూ ఈ ఆలోచనకు బలం దొరికింది.

1939లో సమస్యాత్మక బాలల చికిత్స మీద ఆయన పుస్తకం వచ్చింది. దాని బలంతో 1940లో ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నేరుగా ప్రొఫెసర్ పదవి ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 11న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్రసంగించారు. విద్యార్థులకు పరీక్షలు పెట్టి, ఇలా చెయ్యి అలా చెయ్యి అని సలహా చెప్పడంలో పేరుపొందిన చోటు అది. అక్కడే నిలబడి, సలహా చెప్పడమనేది పాత పద్ధతి, దానితో ఎక్కువ ఫలితం లేదని అన్నారు. సభలో పెద్ద గొడవే అయింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మండిపడ్డారు. తాను చెప్పింది కొత్త సంగతి అన్నమాట అని ఆయనకు ఆరోజే తెలిసిందట. తన పద్ధతి పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకునేవారు.

1942లో వచ్చిన రెండో పుస్తకంలో రోగి అనే మాట తీసేసి క్లయింటు అనే మాట వాడారు. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక ఈ మాట మార్పు నాకు చిన్నదిగా కనిపించదు. కాగితం మీద మనిషిని ఏమని రాస్తామో ఆఫీసు అతన్ని అలాగే చూస్తుంది. రోగి అంటే కూర్చుని వైద్యం చేయించుకునేవాడు. వకీలు దగ్గరికి వెళ్లే క్లయింటు అలా కాదు, వ్యాజ్యం తనది, నిర్ణయం తనది, వకీలు తోడు మాత్రమే.

అదే పుస్తకంలో ఒక క్లయింటుతో జరిపిన ఎనిమిది సమావేశాల్ని మాట పొల్లుపోకుండా అచ్చువేశారు. ఒక చికిత్స మొత్తాన్ని అలా రికార్డు చేసి ప్రచురించడం అదే మొదలు. అప్పటిదాకా మూసిన తలుపుల వెనుక ఏం జరిగేదో డాక్టరు గుర్తున్నంత మేరకు రాసుకుంటేనే తెలిసేది. ఇప్పటిలా ఫోను నొక్కితే రికార్డయ్యే రోజులు కావు. గ్రామఫోను పళ్లేల మీద గీతలు పడాలి, ఒక పళ్లెం కొద్ది నిమిషాలకే నిండిపోయేది, వెంటనే ఇంకోటి పెట్టాలి. ఆ అవస్థ పడి రికార్డు చేసి, విద్యార్థులతో కలిసి కూర్చుని విన్నారు. ఎక్కడ తాను తొందరపడి అడ్డం వచ్చారో, ఎక్కడ క్లయింటు చెప్పబోయింది మింగేశాడో అందరి ముందూ బయటపడేది. తన పనిని ఇలా తనిఖీకి పెట్టుకున్న పెద్దమనుషులు ఏ వృత్తిలోనైనా ఎంతమంది ఉంటారు?

ఇంతకీ ఆయన గదిలో చేసేది ఏమిటి? మన ఇంటి ఉదాహరణే చెబుతాను. ఉద్యోగం పోయిన కుర్రవాడు ఇంట్లో నోరు విప్పితే మనం ఏమంటాం? ఇంకోటి చూసుకో అంటాం, ఫలానావాడి కొడుకును చూడు అంటాం, మా కాలంలో ఇంతకంటే కష్టాలు పడ్డాం అంటాం. మూడూ ప్రేమతో అన్నవే, మూడింటితోనూ వాడి నోరు మూతపడుతుంది. రోజర్స్ అయితే ఇవేవీ అనరు. ఉద్యోగం పోవడం కంటే నాన్న ముఖం చూడలేకపోవడమే నీకు ఎక్కువ బాధగా ఉన్నట్టుంది, నేను సరిగా అర్థం చేసుకున్నానా అన్నట్టు అడుగుతారు. తప్పయితే అతనే సరిదిద్దుతాడు. సరైనదైతే ఇంకొక అడుగు లోపలికి వెళతాడు. విన్నది చిలకలా తిరిగి అప్పజెప్పడం కాదిది. అలా అనుకుని ఎగతాళి చేసినవాళ్లు ఆయన కాలంలోనే చాలామంది ఉన్నారు. ఆ ఎగతాళి ఆయనను బాగా నొప్పించింది.

1957లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో మనిషి మారడానికి కావలసిన పరిస్థితుల్ని ఆరుగా చెప్పారు. వాటిలో చికిత్స చేసేవారి వంతు మూడు. లోపల ఒకటి, పైకి ఒకటి లేకుండా ఉండడం. ఎదుటి మనిషిని షరతులు పెట్టకుండా ఆదరించడం, అంటే నువ్వు మంచిగా ఉంటేనే గౌరవిస్తాను అనకపోవడం. అతని లోకాన్ని అతని కళ్లతో చూస్తూనే, ఆ బాధలో తాను కొట్టుకుపోకుండా ఉండడం. చదవడానికి సులువుగా ఉంటుంది. ఒక్క గంట చేసి చూడమనండి.

ఆయన కూడా ఒకసారి కొట్టుకుపోయారు. 1945లో చికాగో విశ్వవిద్యాలయానికి వచ్చి కౌన్సెలింగ్ సెంటర్ పెట్టారు. 1947లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షులయ్యారు. పేరు అంత ఎత్తున ఉన్న రోజుల్లోనే తీవ్రంగా మనసు చెడిన ఒక స్త్రీకి చికిత్స చేస్తూ, ఆమె ఎక్కడ ముగుస్తుందో తాను ఎక్కడ మొదలవుతారో తెలియని స్థితికి చేరుకున్నారు. సాయం చేయలేకపోతున్నారు, వదిలేయనూ లేకపోతున్నారు. తనకే మతి తప్పుతుందేమోనని భయం పట్టుకుంది. చివరికి ఆమెను మరొక డాక్టరుకు అప్పగించి, ఇంటికి వెళ్లి హెలెన్‌కు చెప్పి, గంట తిరక్కుండా భార్యాభర్తలు కారెక్కి ఊరు వదిలి వెళ్లిపోయారు. రెండు మూడు నెలల దాకా తిరిగి రాలేదు. వచ్చాక కూడా తాను చికిత్సకుడిగా పనికిరాననీ, మనిషిగా కూడా ఎవరూ తనను ఇష్టపడరనీ అనుకుంటూ ఉండేవారు. అప్పుడు తన దగ్గరే పనిచేసే సహోద్యోగి ఒకరు, మీ బాధ నాకు చెప్పుకోండి అని ముందుకు వచ్చారు. గురువు వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నారు. షరతుల్లేని ఆదరం గురించి దేశానికంతా చెప్పిన మనిషికి, తనను తాను ఆదరించుకోవడం అక్కడ గాని రాలేదు. ఈ సంగతిని ఆయన దాచలేదు, తన రాతల్లోనే చెప్పారు.

మన ఇళ్లలో కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పదిమంది పరువు ముందు ఒకరి బాధ చిన్నదైపోతుంది. బయటి రాష్ట్రంలో తరాలుగా బతుకుతున్న మనకు ఇంకొక ముడి కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, ఉద్యోగంలో ఇంగ్లీషు. ఆస్తి తగాదా ఏ భాషలోనైనా చెప్పొచ్చు గాని, అమ్మ మీద ఉన్న కోపం ఏ భాషలో చెప్పాలి? రోజర్స్ పద్ధతి అంతా క్లయింటు వాడిన మాట మీదే నిలబడి ఉంటుంది గనుక, ఎవరి దగ్గరికైనా వెళ్లేముందు మా అమ్మాయి తెలుగులో చెప్పుకోవచ్చా అని అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. బెంగళూరు నిమ్హాన్స్ తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న టెలీమానస్ ఫోను నంబరు 14416లో తెలుగు ఉంది, ఖర్చు లేదు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉన్నచోట రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడగండి.

చికాగోలో ఆయనకు వేరే పోరు కూడా ఎదురైంది. అక్కడి సైకియాట్రీ విభాగం పెద్ద, డాక్టరు పట్టా లేనివాళ్లు వైద్యం చేస్తున్నారని ఆరోపించి సెంటర్‌ను మూసేయించాలని చూశారు. రోజర్స్ మెత్తని మనిషని పేరు గాని, ఇలాంటి చోట అస్సలు తగ్గేవారు కాదు. గట్టిగా ఎదురు తిరిగి నిలబెట్టుకున్నారు. మరోపక్క ఈ చికిత్సతో నిజంగా మార్పు వస్తోందా అని లెక్కలు తీశారు. వెంటనే చికిత్స అందినవాళ్లనూ, కొంతకాలం ఆగి తీసుకున్నవాళ్లనూ పోల్చారు. చిన్ననాటి మేత పుస్తకం మళ్లీ అక్కరకు వచ్చింది. 1956లో శాస్త్రీయ కృషికి అసోసియేషన్ తొలిసారి ఇచ్చిన అవార్డు ముగ్గురికి దక్కితే అందులో ఆయన ఒకరు. అందుకుంటూ కన్నీళ్లు పెట్టుకున్నారు.

1957లో విస్కాన్సిన్‌కు తిరిగి వెళ్లి, మెండోటా ఆసుపత్రిలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లతో ఇదే పద్ధతి ప్రయత్నించారు. తమంతట తాము వచ్చి చెప్పుకునే కాలేజీ విద్యార్థులు కారు వాళ్లు. నెలల తరబడి నోరు విప్పని మనుషులు. మౌనంగా పక్కన కూర్చోవడమే చికిత్స అయిన రోజులు ఉన్నాయి. పరిశోధక బృందంలో తగాదాలు వచ్చాయి, కాగితాలు మాయమయ్యాయి, పుస్తకం రావడానికి 1967 అయింది. ఫలితం కూడా ఆయన ఆశించినంత లేదు. చికిత్స అందినవాళ్లకూ అందనివాళ్లకూ మొత్తం మీద పెద్ద తేడా కనిపించలేదు. ఎవరికి చికిత్సకుడి సహానుభూతి నిజంగా అందిందో వాళ్లలో కొంత మెరుగు ఉంది. ఈ లెక్కను మనం గుర్తుపెట్టుకోవాలి. తీవ్రమైన జబ్బుకు మందు మానేసి మాటలతోనే నయం చేస్తామనేవాళ్లను నమ్మవద్దు. రోజర్స్ జీవితం అలాంటి మాటకు సాక్ష్యం కాదు.

1961లో సామాన్య పాఠకులకు కూడా అందేలా రాసిన పుస్తకంతో ఆయన పేరు ఇళ్లకు చేరింది. 1964లో విశ్వవిద్యాలయాలు వదిలి కాలిఫోర్నియాలోని లా హోయాలో స్థిరపడ్డారు. 1966లో వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎలైజా అనే ప్రోగ్రాం రాశారు. మనం టైపు చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా అడుగుతుంది, రోజర్స్ తరహా చికిత్సకు అనుకరణ అన్నమాట. లోపల అర్థం చేసుకునేది ఏమీ లేదని తెలిసి కూడా, ఆ శాస్త్రవేత్త సెక్రటరీ దానితో మాట్లాడుతూ కాసేపు గది బయట ఉండమని ఆయన్నే కోరిందట. ఇప్పుడు రాత్రి రెండింటికి మన పిల్లలు ఫోనుకు చెప్పుకుంటున్న మాటలు తలచుకుంటే ఆ కథ పాతదిగా అనిపించదు. వినేవాళ్ల కోసం మనిషి ఎంత ఆకలితో ఉంటాడో దాన్నిబట్టే తెలుస్తుంది.

చివరి ఇరవై ఏళ్లు ఒకరితో ఒకరు కాకుండా గుంపుల్లో పనిచేశారు. అలాంటి ఒక గుంపు మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ చంపుకుంటున్న రోజుల్లో బెల్‌ఫాస్ట్ నుంచి రెండు పక్షాలవాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టారు. 1980లలో దక్షిణాఫ్రికా వెళ్లి తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ కూర్చోబెట్టారు. సోవియట్ యూనియన్ కూడా వెళ్లారు. ఈ గుంపుల పని గురించి నాకు కొంత అనుమానం ఉంది. మూడు రోజులు ఏడ్చి కావలించుకున్నవాళ్లు నాలుగో రోజు తమ వీధికి వెళ్లాలి కదా. అయినా ఎనభై దాటిన వయసులో ఆ ప్రయాణాలు పెట్టుకున్న ఓపికకు దండం పెట్టాల్సిందే.

ఇంటి సంగతి కూడా ఒక మాట. హెలెన్ చాలాకాలం జబ్బుపడి 1979లో పోయారు. ఆ ఏళ్లలో ఇద్దరి మధ్యా దూరం పెరిగిందనీ, ఆమె సేవలో తనకు విసుగూ కోపమూ వచ్చేవనీ, చివర్లో మళ్లీ దగ్గరయ్యామనీ ఆయన రాసుకున్నారు. ఊరందరి మాటా ఓపికగా వినే మనిషికి ఇంట్లో అది కష్టమైంది.

1987 ఫిబ్రవరిలో ఇంట్లో పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది గాని గుండెపోటు వచ్చి 4వ తేదీన కన్నుమూశారు. అప్పటికి 85 నిండి నెల కూడా కాలేదు. నోబెల్ శాంతి బహుమతికి ఆయన పేరు ప్రతిపాదించింది ఆ రోజుల్లోనే. ఆయన కాగితాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. చికిత్స నేర్చుకునే విద్యార్థులు ఆయన రికార్డింగులు ఇప్పటికీ పెట్టుకుని వింటారు. వాటిలో ఎక్కువసేపు వినిపించేది క్లయింటు గొంతే. ఆయనది మధ్యమధ్య ఊఁ కొట్టడం, అప్పుడప్పుడు ఒక వాక్యం.